అత్త కంచె తీగ

మొన్న ఒక పని మీద మైదానంలోని ఊరికి వెళ్ళి, తిరుగు బస్సు కోసం రోడ్డు పక్కన నిలబడ్డాను. తుంపర పడుతోంది. గొడుగు విప్పాను. కాసేపటికి గొడుగు ఇనుప కాడ తగిలిన చోట వేళ్ళు జివ్వుమన్నాయి. తలెత్తి చూస్తే సరిగ్గా నా నెత్తిమీదే పెద్ద లైను. పొలాల మీంచి వచ్చి, రోడ్డు దాటి, మళ్ళీ పొలాల్లోకి పోతోంది. తడిసిన తీగలు గుయ్‌మని ఒకటే రొద పెడుతున్నాయి. పక్కనున్న కాలేజీ పిల్ల "ఏమైందండీ?" అంది. "ఏం లేదమ్మా, కరెంటు పలకరిస్తోంది" అన్నాను. ఆ పిల్ల నన్నూ, నా గొడుగునీ ఓసారి ఎగాదిగా చూసి మెల్లిగా పక్కకి జరిగింది. తప్పు పట్టను. కాకపోతే మనుషులు అలా జరగడం నేను చిన్నప్పుడే ఒకసారి చూశాను. గొడుగు మడిచేసి, బస్సు వచ్చేదాకా తడుస్తూనే నిలబడ్డాను.

మాది అరకు సంతకి నడిచి వెళ్ళొచ్చే దూరంలో ఒక కొండ ఊరు. నడిచి అంటే మా నడక. మైదానం వాళ్ళయితే సగం దారిలో కూలబడి నీళ్ళడుగుతారు. ఊరికి పై అంచున, నూనెగింజల వలిసె చేల మీదుగా, పెద్ద లైను పోయేది. ఎక్కడో పడమటి కొండల్లో నీళ్ళని కిందకి దూకించి కరెంటు తీస్తున్నారనీ, అది మా మీదుగా పట్నాలకి పోతోందనీ పెద్దవాళ్ళు చెప్పుకునేవారు. మా ఇళ్ళల్లో మాత్రం కిరసనాయిలు బుడ్లే. అంత కరెంటు నెత్తిమీద పెట్టుకుని, బుడ్డి పొగ పీలుస్తూ సామ కూడు తినేవాళ్ళం. ఇప్పుడు తలుచుకుంటే ఒళ్ళు మండుతుంది. అప్పుడు మండలేదు. నెత్తిమీద మబ్బు పోతూంటే మన ఇంట్లోకి రాలేదేమని మబ్బుని అడుగుతామా?

టవర్లని మావాళ్ళు ఇనప మానులు అనేవారు. ఎండాకాలం అవి నోరెత్తేవి కావు. వానలు దిగి, మంచు చేల మీదకి పాకిందంటే మొదలయ్యేది రొద. ముందు తేనెపట్టు దగ్గర చెవి పెట్టినట్టుండేది. వాన ముదిరితే చిటపటలు కలిసేవి. బాగా మబ్బు కమ్మిన సాయంత్రాలు, తీగల్ని మోసే పింగాణీ చిప్పల దగ్గర నీలంగా ఏదో మినుకుమినుకుమనేది. చూస్తూ నిలబడితే మా అమ్మ జుట్టు పట్టుకుని లోపలికి లాక్కుపోయేది.

"ఏటంటందే అమ్మా అది?" అని ఒకసారి అడిగాను.

"తడిసింది గదా, సలేసి వణుకుతంది. నువ్వు కూడా తడిసేవంటే అలాగే మూలుగుతావు. రా లోపలికి" అంది.

అంతకు మించి దాని గురించి ఎవరూ బుర్ర పాడుచేసుకోలేదు. కొత్త పంట పండగకి కొండకి కోడిని కోసినప్పుడు ఇనప మాను మొదట్లో కూడా రెండు చుక్కల రక్తం చిలకరించేవారు. మా కొండ మీద కాళ్ళూని నిలబడింది కనక అదీ మా చుట్టమే అనుకున్నారు.

పిల్లలం మాత్రం ఊరుకుంటామా. వానాకాలం మా అందరికీ గిడుగులే. వెదురు బద్దలతో అల్లి, పైన ఆకులు కప్పి, నెత్తిమీద బోర్లించుకునేవి. వాటితో లైను కింద ఎంతసేపు తిరిగినా ఏమీ అయ్యేది కాదు. మా అయ్య సంతలో ఒక నల్ల గొడుగు కొన్నాడు. ఊళ్ళో గొడుగున్న ఇళ్ళు తక్కువ. అయ్య మధ్యాహ్నం కునుకు తీస్తుంటే దాన్ని ఎత్తుకుపోయి లైను కింద విప్పేవాళ్ళం. ఇనుప కాడని ఒకరు పట్టుకుని, రెండో చేతి వేలితో పక్కవాళ్ళ చెవి తమ్మిని అంటుకునేవారు. చిటుక్కుమనేది. ఆ చెవి వాళ్ళు కెవ్వుమని పరిగెత్తితే మిగతావాళ్ళం బురదలో పడి దొర్లి నవ్వేవాళ్ళం. అయ్యకి తెలిసి వీపు మీద రెండు తగిలించాడు, కరెంటు గురించి కాదు, గొడుగు బట్ట చిరిగినందుకు.

ఆ దెబ్బల తర్వాత నేను అత్త ఇంటికే పోయి కూర్చున్నాను. అసలు నేను ఎప్పుడూ అక్కడే ఉండేదాన్ని. మా అత్త అంటే అయ్యకి అక్క. వేరే కొండ ఊరికి ఇచ్చారు. మొగుడు పోయాడు, పిల్లలు లేరు, తిరిగి పుట్టిన ఊరికి వచ్చేసింది. వచ్చినవాళ్ళకి చోటు చూపించాలి కదా, ఊరి పై అంచున లైను కింద ఒక ముక్క చూపించారు. రొదకి ఎవరూ అక్కడ ఇల్లు కట్టుకోలేదు. "నాకేటి? నాకు పలకరించేవోలు నేరు గదా. అదే పలకరిస్తాది" అనేది అత్త. లైనుకి కాస్త పక్కగా గుడిసె వేసుకుని, లైను కింద నేల దున్నుకుని రాజ్మా చిక్కుళ్ళు, చోళ్ళు, అంటే రాగులు, వేసేది.

అత్త అడ్డపొగ తాగేది. చుట్ట నిప్పుకొసని నోట్లో పెట్టుకుని, మాట్లాడుతూనే, నవ్వుతూనే, తిడుతూనే. ఆ పొగాకు వాసనా, పొయ్యి మీద వేలాడదీసిన ఎండు చేపల వాసనా, తడి మేకల వాసనా కలిసి అత్త గుడిసె వాసన. బూడిదలో పనసపిక్కలు కప్పెట్టి, వేగాక పుల్లతో దొర్లించి నా ముందుకి తోసేది. నేను తొందరపడి వేళ్ళు కాల్చుకుంటే "నీ నోరు ముందెల్తాది, నీ సెయ్యి ఎనకొత్తాది" అని వెక్కిరించేది. ఆ గుడిసెకి ఎవరు వచ్చినా అడ్డాకు దొప్పలో అంబలి పోయకుండా పంపేది కాదు. పులిసిన చోడి అంబలి, పక్కన ఎండుమిరప. ఊళ్ళో ఆడవాళ్ళందరూ అడవికి పోతూ ఓసారి, వస్తూ ఓసారి అక్కడ ఆగి పోయేవారు.

ఆ ఏడు కాఫీ మొక్కలు పెట్టుకున్నవాళ్ళకి కంచె తీగ చుట్టలు పంచిపెట్టారు. చాలామంది చుట్టని చుట్టగానే సంతకి మోసుకుపోయి ఉప్పుకీ, పొగాకుకీ మార్చేసుకున్నారు. వెదురు దడి అల్లుకునే చేతులకి ఆ తీగ ఎందుకు? అత్త మాత్రం మార్చలేదు. ఆమె చిక్కుళ్ళన్నీ ఊరి మేకల పాలవుతున్నాయి. ఎండు కర్రలు పాతింది. మేకులు లేవు. సంతలో సైకిళ్ళు బాగుచేసే మనిషిని బతిమాలి పాత ట్యూబులు తెచ్చి, కత్తితో పేలికలు కోసి, ప్రతి కర్రకీ మందంగా రబ్బరు చుట్టి, దాని మీద తీగని బిగించింది. లైను పొడుగునా, చేను ఈ చివరి నుంచి ఆ చివరికి.

"మేకు కొడితే కర్ర సీలిపోద్ది. రబ్బరయితే సీలదు, జారదు. సూసేవా నీ అత్త తెలివి!" అని నడుము మీద చేతులు పెట్టుకుని మురిసిపోయింది. నేనూ మురిసిపోయాను. ఊళ్ళో ఇనుప కంచె ఉన్నది మా అత్త ఒక్కతికే.

వానలు దిగాయి. మొదట తెలిసింది మేకకి. తడి ముక్కు తీగకి ఆనించి, గెంతిన గెంతుకి కింద గట్టు మీద పడింది. అత్త పగలబడి నవ్వింది. తర్వాత మనుషులకి తెలిసింది. కూరకి లేత వెదురు కొమ్ములు విరుచుకోడానికి కొండెక్కే ఆడవాళ్ళు ఊపిరి తీసుకుందామని తీగ మీద చెయ్యి వేసి "ఓలమ్మో" అని వెనక్కి పడేవారు. వాళ్ళూ నవ్వారు. "నీ కంచె కరుత్తంది" అన్నారు. "అందుకే గదా ఎట్టేను" అంది అత్త. ఎండ కాసిన రోజున పెద్దగా ఏమీ ఉండేది కాదు. పైన రొద ఉన్న రోజున, కాళ్ళు బురదలో ఉన్నప్పుడు మాత్రం జివ్వుమనేది.

మా ఎదురింట్లో నాకంటే చిన్న గుంట ఒకతి ఉండేది, మా వైపు ఆడపిల్లని అలాగే అంటారు. నా వెంటే తిరిగేది. ముక్కు ఎప్పుడూ కారుతూ, నేను ఏం చేస్తే అది చేసేది. ఒక తుంపర రోజున అత్త చేలో లేత చిక్కుడు కాయల కోసమని తీగ సందులోంచి దూరబోయి, రెండు చేతులతో పట్టుకుంది. అరిచి వెనక్కి పడి రాతికి తల కొట్టుకుంది. అత్త పరిగెత్తుకొచ్చి ఎత్తుకుని, ఆముదం వెచ్చబెట్టి రాసి, అంబలి తాగించింది. అది కాసేపు ఏడ్చి, అంబలి మూతి తుడుచుకుని, అడిగిన చిక్కుడు కాయలు ఒడిలో పోయించుకుని ఇంటికి పోయింది. తర్వాత చాలా రోజులు బాగానే ఆడింది.

వానాకాలం చివర్లో మా కొండల్లో జ్వరం వస్తుంది. ఏటా వచ్చేదే, ఏటా ఎవరినో ఒకరిని తీసుకుపోయేదే. ఆ ఏడు ఆ గుంటని తీసుకుపోయింది. ముసురులోనే పాతిపెట్టారు. గోతిలో నీళ్ళు ఊరుతుంటే దొప్పలతో తోడారు. మట్టి కప్పుతుండగా వాళ్ళ అమ్మ అంది: "తీగ ముట్టుకున్ననాడే నా గుంటని పట్టీసింది. ఆమె సేతి అంబలి కూడా తాగింది."

నేను అక్కడే ఉన్నాను. ఆ మాట విని ఎవరూ కసరలేదు. ఎవరో ఒకరు "ఊరుకోవే" అని ఉంటే అక్కడే పోయేదేమో. ఎవరూ అనలేదు.

ఆ తర్వాత ఇంకో మాట వచ్చింది. చిల్లంగి. మా వైపు చేతబడికి ఆ పేరు. ఎవరు మొదట అన్నారో ఇప్పటికీ తెలియదు, అలాంటి మాటకి మొదలుండదు. ఆ పేరు పడిన మనిషికి ఊళ్ళో నిప్పు పుట్టదు, ఊట దగ్గర వంతు రాదు, చివరికి ఊరే ఉండదు. చూస్తూ చూస్తూ అడవికి పోయే ఆడవాళ్ళు దారి మార్చేశారు. కోతలకి అత్తని పిలవలేదు. సాయంత్రానికి అంబలి కుండ నిండుగానే మిగిలిపోయేది. మా అమ్మ కూడా నన్ను పోవద్దంది. నేను పోయాను. అత్త నన్ను చూసి "ఏటే గుంటా, నిన్ను ఆపనేదేటి ఎవులూ?" అంది. ఆపారని చెప్పలేదు. ఆమెకి తెలుసు.

ఆ రోజుల్లోనే లైను మనిషి వచ్చాడు. వానాకాలంలో టవర్లు చూసుకుంటూ పోయే మనిషి, విజయనగరం వైపు వాడు. ప్యాంటు మోకాళ్ళ దాకా మడిచి, నెత్తిమీద ప్లాస్టిక్ గోనె కప్పుకుని ఉండేవాడు. పాపం, అతనికి ఊరి సంగతి తెలియదు. అత్త ఇచ్చిన అంబలి గటగటా తాగేసి, దొప్ప పారేద్దామని కంచె మీద చెయ్యి వేశాడు.

"ఓలమ్మ, సంపేసింది!" అని ఎగిరి, తర్వాత వంగి రబ్బరు పేలికలు చూసి నవ్వడం మొదలుపెట్టాడు. "ఏటమ్మా ఇది? తీగని రబ్బరుతో కట్టీసేవు?"

"మేకుల్నేవు బాబూ. ఏటి దీనికి? ఎందుకిలాగ కరుత్తంది? సెప్పు బాబూ, నీకు పున్నెవుంటాది" అంది అత్త. ఆమె గొంతు అంత దీనంగా పలకడం నేను వినడం అదే మొదటిసారి.

అతను నవ్వు ఆపాడు. "భయపడకు. పైన లైనుంది గదా, దాని కింద ఇనుము ఉందంటే గాల్లోంచే దానికి కొంచెం ఎక్కుతాది. మామూలు కంచెకయితే కర్రలోంచి నేల్లోకి దిగిపోద్ది. నువ్వు రబ్బరు సుట్టి దారి మూసీసేవు. తడికాళ్ళ మనిషి ముట్టుకుంటే ఆ మనిషిలోంచి దిగుతాది."

"దానికి మనిషి సస్తారేటి?"

"సావరు. జివ్వుమంటాది, అంతే. ఓ గునపం నేల్లోకి దింపి, ఈ తీగకీ దానికీ ఓ ముక్క కట్టీ. పోతాది."

అత్త అప్పుడే గునపం తెచ్చి దింపింది, తీగ ముక్క చుట్టింది, అరచెయ్యి కంచె మీద పెట్టింది. ఏమీ లేదు. రెండో చెయ్యి కూడా పెట్టింది. కంచె పట్టుకుని అలాగే నిలబడి ఏడ్చింది. లైను మనిషికి ఇదంతా ఎందుకో అర్థం కాలేదు. ఇంకో దొప్ప అంబలి తాగి తర్వాతి టవరుకి పోయాడు.

గునపాన్ని అలాగే వదిలేసి ఉంటే ఏమయ్యేదో. కంచె కరవడం మానేసేది, మాట మెల్లిగా చల్లారేదేమో. కానీ మా అత్తకి మాట చల్లారడం కాదు, మాట పోవడం కావాలి. "అందరికీ సూపిస్తాను. కళ్ళతో సూసినాక నమ్మరేటి?" అంది. గునపం పీకేసి ఊళ్ళోకి నడిచింది.

మర్నాడు మధ్యాహ్నం, సన్నటి వానలో, ఊరంతా కంచె దగ్గరికి వచ్చింది. ముందు మా ఊరి పెద్ద, అందరూ నాయుడు అనేవారు. పక్కన చచ్చిపోయిన గుంట అయ్య. వాళ్ళ వెనక మా అయ్య. పైన తీగలు బాగా పలుకుతున్నాయి.

"నాయుడు మావా, ముట్టు" అంది అత్త.

నాయుడు ఒక వేలు ఆనించి చటుక్కున తీసేశాడు. అత్త గునపాన్ని రాయితో కొట్టి దింపింది, తీగ చుట్టింది.

"ఇప్పుడు ముట్టు."

ముట్టాడు. ఏమీ లేదు. మొహంలో ఆశ్చర్యం. అత్త తీగ ముక్క లాగేసింది. "ఇప్పుడు?" నాయుడు చెయ్యి విదిలించాడు. మళ్ళీ చుట్టింది. "ఇప్పుడు?" ఏమీ లేదు. అత్త మొహం వెలిగిపోతోంది. చిన్నపిల్లలా గంతేస్తోంది. తియ్యడం, చుట్టడం, తియ్యడం, చుట్టడం. "సూసేరా? సూసేరా మరి? పైదాని గునం ఇది, నాది కాదు!"

నాకూ సంతోషంగానే ఉంది, గెలిచేశామనుకున్నాను. అప్పుడు వెనకనించి ఒక ఆడగొంతు మెల్లిగా అంది: "సెప్పినట్టు ఇంటంది."

ఆ మాటకి అందరూ వెనక్కి జరిగారు. ఒకరిని చూసి ఒకరు కాదు, అందరూ ఒకేసారి. ఆమె పొమ్మంటే పోయింది, రమ్మంటే వచ్చింది, ఊరంతా కళ్ళారా చూసింది. ఇంక ఏం రుజువు కావాలి?

అత్తకి అర్థం కావడానికి కాసేపు పట్టింది. అర్థమయ్యాక గునపం పీకి గుంట అయ్య దగ్గరికి పరిగెత్తింది. "నాను కాదయ్యా. నువ్వు దింపు. నీ సేత్తో దింపి సూడు." అతను రెండు చేతులూ వెనక్కి పెట్టుకున్నాడు. నాయుడు వైపు తిరిగింది. నాయుడు తల తిప్పుకున్నాడు. మా అయ్య దగ్గరికి వచ్చింది.

"తమ్ముడా, నువ్వయినా పట్టు."

మా అయ్య నేలకేసి చూస్తూ నిలబడ్డాడు. నేను అయ్య పంచె పట్టుకుని గుంజాను. కదలలేదు. అత్త చేతిలోంచి గునపం జారి బురదలో పడింది. "రేపు మాటాడుకుందాం" అన్నాడు నాయుడు. ఊరు కిందకి దిగిపోయింది.

ఆ మాటలదాకా అత్త ఎదురుచూడలేదు. తెల్లారగానే గిడుగు నెత్తిన పెట్టుకుని, మూట చంకన పెట్టుకుని బయల్దేరింది. అయ్య వెనకాల నడిచాడు. రోడ్డు దగ్గర జీపు వచ్చేదాకా ఇద్దరూ చెరో పక్క నిలబడ్డారట. చింతపల్లి వైపు కాఫీ తోటల్లో పని దొరుకుతుందని ఆమె పోయింది. ఎవరూ వెళ్ళగొట్టలేదని మావాళ్ళు చాలాకాలం చెప్పుకున్నారు. నిజమే, ఎవరూ వెళ్ళగొట్టలేదు. ఉండమని కూడా అనలేదు.

గుడిసె కప్పు కుళ్ళింది. చిక్కుళ్ళు మేకలు తినేశాయి. తీగని ముట్టుకునే ధైర్యం లేక కంచెని ఎవరూ పీకలేదు. మళ్ళీ వానలు దిగాయి.

గుంట అయ్య ఒకనాడు ముసురులో గేదె కోసం వెతుక్కుంటూ అటు పోయి, కాలు జారి తీగని పట్టుకున్నాడు. జివ్వుమంది. లేచి అక్కడే కూర్చున్నాడు. మనిషి లేదు, తీగ మాత్రం కరుస్తూనే ఉంది. చాలాసేపటికి ఇంటికి వచ్చి, గునపం తీసుకుని, ఎవరికీ చెప్పకుండా మళ్ళీ పైకి పోయాడు. తిరిగి వచ్చాక నాయుడి గుమ్మంలో నిలబడి, "నాను సెప్పినా ఇంటంది మావా" అన్నాడు.

నాయుడు వెళ్ళి దింపాడు, పోయింది. పీకాడు, వచ్చింది. ఆ పూట ఊరంతా ఒక్కొక్కరే గునపం పట్టుకున్నారు. మా అమ్మ, నేను, ముసలివాళ్ళు, చంకన బిడ్డలున్నవాళ్ళు. అందరి మాటా విన్నది తీగ. ఆఖరున ఆ గుంట అమ్మ పట్టుకుంది. దింపింది, ముట్టింది, అక్కడే కూలబడింది.

"ఆమె కాకపోతే మరి నా గుంటనెవులు తీసుకుపోయేరు?" అని అడిగింది.

అత్తని తీసుకురావాలని అందరూ అనుకున్నారు. మాలో ఒక పద్ధతుంది. ఊరు ఎవరినైనా అన్యాయంగా మాట అంటే, పెద్దలు ఆ మనిషి గుమ్మానికి వెళ్ళి, కోడీ బియ్యం ఇచ్చి, ఆ మనిషి చేతి కూడు తినాలి. తింటేనే మాట చెరిగినట్టు. నాయుడు, గుంట అయ్య, మా అయ్య బయల్దేరారు. నేను ఏడ్చి గోల పెడితే నన్నూ జీపు ఎక్కించుకున్నారు. జీపు నిండా మిరియాల బస్తాలు, వాటి మీద మనుషులు. ఘాట్ మలుపుల్లో కోడి నా ఒళ్ళో గిలగిలలాడింది. దారి పొడుగునా నాయుడు ఏం మాట్లాడాలో మెల్లిగా వల్లించుకుంటూనే ఉన్నాడు.

అత్త కాఫీ తోట అంచున చిన్న పాకలో ఉంది. సగానికి చిక్కిపోయింది. మమ్మల్ని చూసి చేతిలో బుట్ట వదిలేసింది. నాయుడు నేల మీద కూర్చుని, కోడినీ బియ్యాన్నీ ఆమె ముందు పెట్టి, "తప్పయిపోయింది తల్లీ. ఊరు తప్పు సేసింది. తీగదే అంతా. రా, ఎల్దాం" అన్నాడు. గుంట అయ్య ఆమె కాళ్ళ దగ్గర తల వంచాడు. అత్త కళ్ళు తుడుచుకుంటూనే నవ్వింది. "సాల్లే. లేవండి, సలిలో వొచ్చేరు. కూకోండి. అంబలుంది" అని పొయ్యి ఎగదోసింది. నన్ను దగ్గరికి లాక్కుని "ఎంత పొడుగైపోయేవే!" అంది. ఎండు చేపలు నిప్పుల మీద కాల్చింది. మా ఊరి గుడిసె వాసనంతా ఆ పాకలోకి వచ్చేసింది.

నాలుగు దొప్పల్లో అంబలి పోసి నలుగురి చేతుల్లో పెట్టింది. ఎదురుగా గొంతుక్కూర్చుని, ఎవరి ఇల్లు ఎలా ఉంది, ఏ మేక ఈనింది అని అడగడం మొదలుపెట్టింది. నేను ఆకలి మీద ఉన్నాను, తాగేశాను. తాగి తలెత్తితే మిగతా మూడు దొప్పలూ నిండుగా ఉన్నాయి.

నాయుడు దొప్పని మోకాలి మీద పెట్టుకుని అటూ ఇటూ తిప్పుతున్నాడు. గుంట అయ్య దొప్పలోకి చూస్తూ ఉండిపోయాడు. అత్త ప్రశ్నలు తగ్గాయి. తర్వాత ఆగిపోయాయి. ఆమె మా అయ్య వైపు చూసింది. అయ్య దొప్పని గడ్డం దాకా ఎత్తాడు. అక్కడ ఆపాడు. మెల్లిగా కిందకి దించి నేల మీద పెట్టాడు.

"జీపు దిగినకాడ్నించి కడుపు తిప్పుతంది అప్పా" అన్నాడు.

నాయుడు నా వైపు చెయ్యి చూపించాడు. "గుంట తాగింది గదా. ఊరు తరఫునే గదా వొచ్చింది. సరిపోద్ది. మూట కట్టు, ఎల్దాం."

"గుంటకేటి తెలుసు మావా?" అంది అత్త. కోపంగా అనలేదు. "తెలిసినోలు తాగాల."

ఎవరూ తాగలేదు. ఆమె లేచి ఒక్కో దొప్పా తీసుకుని అంబలిని తిరిగి కుండలో పోసింది. అయ్య ముందున్నది ఆఖరున తీసింది. కోడిని నా ఒళ్ళో పెట్టింది, బియ్యం మూట నాయుడి భుజాన పెట్టింది. "బేగి ఎల్లండి. సీకటి పడితే జీపులుండవు" అంది. నేను ఆమె నడుము పట్టుకుని వదలలేదు. వేళ్ళు ఒక్కొక్కటే విడదీసి, నన్ను అయ్య చేతికి ఇచ్చింది.

అత్త మళ్ళీ మా ఊరు రాలేదు. ఆ తోటల్లోనే పోయిందని ఎన్నో వానాకాలాల తర్వాత కబురొచ్చింది. అప్పటికే పాతిపెట్టేశారు. ఆ కబురు విన్న రోజు అయ్య పొయ్యి ముందు చాలాసేపు కూర్చుని, నేను అడక్కుండానే అన్నాడు: "తెలుసే గుంటా. తీగేనని నాకు తెలుసు. నా సేత్తో గునపం దింపి సూసేను గదా. అయినా సెయ్యి లేవలేదు."

నాకు అయ్య మీద కోపం ఉండేది. ఆ రోజు ఆయన తన చేతికేసి చూసుకుంటూ కూర్చున్న తీరు చూశాక వెళ్ళి పక్కన కూర్చున్నాను. అమ్మ అంబలి తెచ్చి ఇద్దరి ముందూ పెట్టింది. అది చల్లారిపోయేదాకా ఇద్దరం అలాగే కూర్చున్నాం.